కార్పెట్ మీద మునక

మేముండే పార్సిప్పనీలో జనవరి. లేక్ హయవాతా వైపు రోడ్లన్నీ మంచు కరగడానికి చల్లిన ఉప్పుతో తెల్లబారాయి. వేసవిలో ఫ్రీడైవింగ్ (ఊపిరి బిగపట్టి నీళ్లలో మునగడం) కోర్సులో చేరాలనుకుంటున్న మా పై అంతస్తు అబ్బాయి "అంకుల్, నీళ్లే లేకుండా ఇంట్లో ఏం ప్రాక్టీసు చేస్తాం?" అని అడిగాడు.

చాలానే చేయొచ్చు. అయితే ఊపిరి బిగపడితే ప్రాణం ఎందుకు కొట్టుకుంటుందో ముందు తెలియాలి. అది ఆక్సిజన్ అయిపోయి కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెదడు గంట కొడుతుంది. మొదటి గంట మోగేసరికి ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ ఇంకా బాగానే ఉంటుంది. ఇంటి సాధన ముఖ్యంగా ఆ గంటకు బెదరకుండా ఉండడానికే.

చిన్నప్పుడు మా ఊరి బావి అడుగు నుంచి పిడికెడు మట్టి తెచ్చి చూపించడం పెద్ద పందెం. గాలి నిల్వ ఉంటుందని, మునిగేముందు గబగబా పదిసార్లు ఊపిరి తీసి వదిలేవాళ్లం. ఎంత పొరపాటు! మామూలు శ్వాసకే రక్తం ఆక్సిజన్‌తో దాదాపు నిండి ఉంటుంది. గబగబా పీలిస్తే తగ్గేది కార్బన్ డయాక్సైడే. గంట మోగకముందే స్పృహ పోవచ్చు. పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడితోపాటు ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఒత్తిడీ పడిపోతుంది. అందుకే చాలామంది నీటి ఉపరితలానికి చేరువవుతూనే సొమ్మసిల్లుతారు. మాలో ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం, అంతే.

మరి సాధన ఎలా? కార్పెట్ మీద వెల్లకిలా పడుకోవాలి. రెండు నిమిషాలు బిగపట్టగలిగినవాళ్లు ఒక్క నిమిషమే పట్టాలి, ఎనిమిదిసార్లు. మధ్య విశ్రాంతి రెండు నిమిషాలతో మొదలై, ప్రతిసారీ పదిహేను సెకన్లు తగ్గుతుంది. పట్టే సమయం పెరగదు, తేరుకునే సమయం తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు ఒళ్లు అలవాటుపడేది అలాగే. మన ప్రాణాయామంలో ఊపిరి బిగపట్టే కుంభకం దీనికి దగ్గరి చుట్టమే. 1976లో ఎల్బా దీవి దగ్గర ఒకే ఊపిరితో తొలిసారి వంద మీటర్ల లోతు చేరిన జాక్ మయోల్ యోగసాధకుడే.

చెవుల సాధన కూడా ఇంట్లోనే. పది మీటర్ల లోతుకే ఒత్తిడి రెట్టింపవుతుంది. దానికి సమంగా చెవుల్లోకి గాలి నెట్టాలంటే, ముక్కు మూసి, గొంతు బిగించి, "క" అనబోయినట్టు నాలుక వెనకభాగాన్ని పైకి నెట్టాలి. అద్దంలో చూస్తే వేళ్లకింద ముక్కుపుటాలు కాస్త ఉబ్బుతాయి, చెవుల్లో టిక్కుమంటుంది.

గుండెజబ్బు, మూర్ఛ, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ జోలికే వెళ్లొద్దు. ఎవరైనా సరే, ఒంటరిగా నీళ్లలో వద్దు. బాత్‌టబ్బులో అసలే వద్దు. కార్పెట్ మీద స్పృహ తప్పితే శ్వాస దానంతటదే మళ్లీ అందుకుంటుంది. నీళ్లలో ఆ శ్వాసకు నీళ్లే లోపలికి పోతాయి.

నిన్న సాయంత్రం ఆ అబ్బాయి మా హాల్లో పడుకుని మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో టైమర్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. నలభై సెకన్లకు గుటకలు మింగాడు. యాభై దాటాక పొట్ట ఒక్కసారి ఎగిరిపడింది. భుజం తట్టాను. కళ్లు తెరవకుండానే, బాగానే ఉన్నానన్నట్టు చూపుడువేలు ఎత్తాడు.