కేసీ కాలువలో సుడి నిజంగా లోపలికి లాగుతుందా? మోకాళ్ల లోతే కదా అనుకుంటే పొరపాటే!

కాలువకు నీళ్లొదిలారంటే చాలు, మైదుకూరు చుట్టుపక్కల పిల్లల చూపంతా అటే. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే స్తంభాల వెనక గిర్రున తిరిగే సుడులు కనిపిస్తాయి. 'దగ్గరికి పోతే లోపలికి లాగేస్తుంది' అని పెద్దవాళ్లు భయపెడతారు. అందులో సగమే నిజం. ఆ సగం ఏదో తెలియకపోతేనే ప్రాణం మీదికొస్తుంది.

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కేసీ కాలువ 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కడప చేరుతుంది. దారిలో ఎన్నో వంతెనలు, తూములు. గుండ్రటి స్తంభాన్ని ఒరుసుకుంటూ పోయే నీళ్లు దాని వెనక్కి పూర్తిగా చుట్టుకోలేవు. విడిపోయి మెలి తిరుగుతాయి. ఒకసారి ఎడమ పక్క, ఇంకోసారి కుడి పక్క. స్తంభం వెడల్పు మీటరు, నీటి వేగం సెకనుకు మీటరు అనుకుంటే ఒక్కో పక్క నుంచి సుమారు 5 సెకన్లకో సుడి బయల్దేరుతుంది. కావాలంటే ఫోన్‌లో టైమ్ పెట్టి లెక్కపెట్టండి.

ఇవి నీళ్లతో పాటు కొట్టుకుపోయే సుడులు. నీళ్లు తేటగా ఉండి ఎండ కాస్తుంటే అడుగున ఇసుక మీద వీటి నీడలు నల్ల రూపాయి బిళ్లల్లా జారిపోతుంటాయి. చూడముచ్చటగా ఉంటుంది.

మరి లాగుతాయా? తక్కువ లోతులో జరిగేది దాదాపు తిరగబడిన కథ. గ్లాసులో టీ పొడి నలకలు మిగిలితే స్పూనుతో తిప్పి వదిలేయండి. అవి అంచుకు పోవు, అడుగున మధ్యకు చేరతాయి. అడుగు రాపిడికి కింది నీళ్లు నెమ్మదిస్తాయి, చుట్టూ ఉన్న ఒత్తిడి వాటిని మధ్యలోకి నెడుతుంది, అక్కడి నుంచి పైకి లేస్తాయి. 1926లో ఐన్‌స్టీన్ దీని మీద ఓ వ్యాసమే రాశారు. ఆ రాపిడి వల్లే లోతు లేని చోట సుడి తొందరగా నీరసించిపోతుంది.

కదలకుండా ఒకేచోట తిరిగే సుడి సంగతి వేరు. మోటారు పెట్టే రైతులకు ఇది బాగా తెలుసు. కాలువలో మట్టం తగ్గితే ఫుట్‌వాల్వ్ మీద సుడి పడుతుంది, గాలి పీల్చి మోటారు నీళ్లు వదిలేస్తుంది. ఫుట్‌వాల్వ్‌ను ఇంకాస్త లోతుకు దించితే సర్దుకుంటుంది. అంటే, సుడి అక్కడే నిలిచి తిరుగుతోందంటే కింద నీళ్లను లాగే దారి ఉండొచ్చు. తూము దగ్గర జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడుండేది పైపు కాదు, మనిషి ఇరుక్కునేంత కంత.

స్తంభం దగ్గర ఇంకో మోసం ఉంది. ఎదురుగా వచ్చిన నీళ్లు స్తంభానికి కొట్టుకుని కిందికి దిగుతాయి. మొదట్లో గుర్రపు నాడాలా చుట్టుకుని మట్టిని తవ్వేస్తాయి. వంతెన పునాదులను లోతుకు దించేది అందుకే. పక్కన మోకాళ్ల లోతే ఉన్నా అక్కడ గుంత నిలువెత్తు ఉండొచ్చు, ఎర్రనీళ్లలో అది కనిపించదు. కాంక్రీటు అడుగు లేని చోట, కుందూ, పెన్నా లాంటి ఏళ్లలో ఈ కోత మరీ ఎక్కువ.

దిగే ముందు ఓ ఆకు వేసి చూడండి. అది తిరుగుతూ ఒకేచోట మునిగిపోతే గట్టు దిగొద్దు. సాగిపోయిందని దూకమని కాదు, ఆ వేగానికే కాళ్లు తేలిపోతాయి. ఎవరైనా చిక్కుకుంటే మీరూ దూకకుండా తాడో, చీరో, పొడవాటి కర్రో అందించి 112కు ఫోన్ చేయండి.