అనుమానము పెనుభూతమగుటకు పూర్వము

మాఘఫాల్గుణములలో పలనాడు మొదలుకొని పర్చూరు వఱకు కల్లములు మిరపపండ్లతో ఎఱ్ఱవారియుండ, తెల్లవారకమున్నే ఆటోలలో కూలికేగి, కోతలు కోసి, పత్తి తీసి, పొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరి పొయ్యి వెలిగించు స్త్రీల చేతులమీదనే ఈ మైదానపు సేద్యమంతయు నడచుచున్నది. అట్టివారిలో నొకతె భర్తచేత హతురాలైనపుడు మఱునాటి పత్రికలో కనబడు మాటలు రెండే: క్షణికావేశము, లేదా అనుమానము పెనుభూతమగుట. ఈ మాటలు నాకు సమ్మతములు కావు. క్షణములో పుట్టిన ఆవేశమైనచో దానిని ముందుగా నెవ్వరును కనిపెట్టజాలరు; కాని ఈ హత్యలకు మాసముల తరబడి, ఒక్కొక్కచో ఏండ్ల తరబడి, ఇరుగుపొరుగెల్ల ఎఱిగిన పూర్వరంగము కలదు.

స్త్రీకి మిక్కిలి ప్రమాదకరమైన స్థలము సొంత యిల్లే. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారము 2023లో ప్రపంచమున ఉద్దేశపూర్వకముగా చంపబడిన స్త్రీలు, బాలికలు సుమారు 85,000 మంది కాగా, వారిలో 51,100 మంది భర్త, సహచరుడు లేక కుటుంబసభ్యుల చేతిలోనే అసువులు బాసిరి. అమెరికాలో నర్సుగా పనిచేసి పరిశోధకురాలైన జాక్విలిన్ కాంబెల్ ఇట్టి మరణముల పూర్వచరిత్రలను పరిశీలించి, దెబ్బలు తిను స్త్రీని అడుగదగిన ప్రశ్నలను 1985లో కూర్చి, పిమ్మట సవరించెను: చంపుదునని బెదరించెనా, గొంతు నులిమెనా, వెంటాడి కనిపెట్టుచున్నాడా, నీవు విడిచి వచ్చితివా? ఈ కడపటి ప్రశ్న గొప్పది. ఏలయన, స్త్రీ విడిపోవ సంకల్పించిన దినములే ఆమె ప్రాణమునకు అత్యంతాపాయకరములని పరిశోధనలు తేల్చినవి.

మన యూళ్లలోను ఇదియే. ఏ ముఠాతో పోయితివి, ఆ మేస్త్రీతో మాటలేమి అని నిలదీయుట, ఫోను లాగికొని చూచుట, కూలిడబ్బు మద్యమునకు గుంజుకొనుట, చంపుతానను మాట, గొంతుమీద చేయి. ఆమె పిల్లలతో పుట్టింటికి చేరుట. అంతట పెద్దమనుషులు కూర్చుండి, "సర్దుకుపో అమ్మా, మగాడన్నాక కోపం ఉండదా" అని నచ్చజెప్పి మరల ఆ యింటికే పంపుట. వారు దయగలవారే కావచ్చును. అయినను ఆ ప్రాణాపాయపు గడియను వారే దగ్గఱ చేయుచున్నారని నా భయము.

పెండ్లి లేనిచోటను క్రమమిదియే. 2021 ఆగస్టు 15న, స్వాతంత్ర్యదినోత్సవపు ఉదయమున, గుంటూరు వీధిలో ఒక ఇంజనీరింగు విద్యార్థినిని సామాజిక మాధ్యమముద్వారా పరిచితుడైన యువకుడు పొడిచి చంపెను. ఆమె అతనిని దూరముంచ జూచుటయే అతని దృష్టిలో అపరాధము. 2022 ఏప్రిల్ 29న ప్రత్యేక న్యాయస్థానము అతనికి మరణశిక్ష విధించినది. ఇట్టివానిని ప్రేమోన్మాది యని వ్రాయుట మనకు వాడుకయైనది. ఆ ప్రేమయను మాట అచ్చట ఏల వచ్చినదో నాకిప్పటికిని బోధపడదు.

చట్టము లేకపోలేదు. 1986లో శిక్షాస్మృతియందు చేరి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షనైన వరకట్నమరణ నిబంధన, పెండ్లియైన ఏడేండ్లలోపల అసహజమరణము సంభవించి, దానికి కొద్ది ముందు కట్నపు వేధింపు రుజువైనచో, నిర్దోషిత్వము చూపుకొను భారమును భర్తపైన, అత్తింటివారిపైన మోపును. మేలే, కాని అది శవము లేచిన పిదప పనిచేయు చట్టము.

కట్టుబట్టలతో, పసిబిడ్డను చంకనెత్తికొని, రాత్రివేళ పుట్టింటి తలుపు తట్టిన కూతురిని ఎప్పుడు మరలిపోదువని అడుగుటకు ముందు, తల్లి లైటు వెలుతురున ఆమె మెడ చూడవలెను. గొంతు నులిమినను పెక్కుమార్లు పైకి గుర్తులుండవు, కావున మంచినీళ్లిచ్చి, ఆమె గ్రుక్క మ్రింగుచుండగా గమనించి, పెద్దమనుషులకు కబురంపక, మహిళా సహాయవాణియైన 181కి ఫోను చేయకమునుపే మెల్లగా అడుగవలసిన మాట యొకటున్నది: "మింగుతుంటే నొప్పిగా ఉందా అమ్మా?"