సంతకం పెట్టే ముందు

ఒక శుక్రవారం సాయంత్రం మనామాలోని శ్రీనాథ్‌జీ గుడి దగ్గర ఒక యువకుడు చేతికర్ర సాయంతో నడుస్తూ నా దగ్గరకు వచ్చాడు. నేను తెలుగులో మాట్లాడటం విన్నాడట. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

“టీచరమ్మా, ఇండ్ల ఏం రాసిండ్రో జర చెప్పుండ్రి. సంతకం పెట్టుమంటున్నరు.”

“జర” అంటే “కొంచెం” అని నాకు ఆ రోజే తెలిసింది. మారిషస్‌లో మందిరం తరగతుల్లో నేను నేర్చుకున్న తెలుగులో ఆ మాట లేదు.

అతనిది నిజామాబాద్ జిల్లా. ఇక్కడ ఒక కంపెనీలో వ్యాను డ్రైవరు. సరుకుతో హిద్ వెళ్తుండగా ఇంకో కారు వచ్చి గుద్దింది. కుడి కాలు విరిగింది. రెండు నెలల జీతం, విమానం టికెట్ ఇస్తాం, ఇంటికి వెళ్లిపొమ్మన్నారట. కాగితం అరబిక్‌లో ఉంది. మా బడిలో అరబిక్ చెప్పే టీచరుకు చూపించాను. “నాకు రావలసినదంతా అందింది, ఇక ఏమీ అడగను” అని అందులో ఉంది.

అతనికి నిజంగా రావలసింది ఏమిటి? మన వాళ్లు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి ఈ సంగతి అందరూ తెలుసుకోవాలి.

పరిహారం అంటే జరిగిన నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము. పనిలో ఉండగా ప్రమాదం జరిగితే బహ్రెయిన్‌లో దానికి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉన్నాయి.

మొదటిది సామాజిక బీమా. 1976 నాటి 24వ నంబరు చట్టం కింద, విదేశీ ఉద్యోగుల ప్రమాద బీమాకు జీతంలో 3 శాతం యజమానే కట్టాలి. పనిచేస్తూ దెబ్బ తగిలినా, ఇంటికీ పనికీ మధ్య నేరుగా వెళ్లే దారిలో దెబ్బ తగిలినా బీమా వర్తిస్తుంది. వైద్యం చేయిస్తారు, కోలుకునే దాకా రోజు భత్యం ఇస్తారు. కాలు పూర్తిగా బాగుపడకపోతే, వైకల్యం ఎంత శాతమో వైద్యులు నిర్ణయిస్తారు. అది 30 శాతం కంటే తక్కువైతే ఒకేసారి సొమ్ము ఇస్తారు. 30 శాతం గాని అంతకంటే ఎక్కువ గాని అయితే పింఛను వస్తుంది. మద్యం తాగి బండి నడిపితే మాత్రం ఈ హక్కు పోవచ్చు.

ఈ బీమాలో పేరు లేని వారి పరిహారం గురించి 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం చెబుతుంది.

రెండోది ఎదుటి వాహనం బీమా. బహ్రెయిన్‌లో ప్రతి వాహనానికీ ఇతరుల కోసం బీమా తప్పనిసరి. తప్పు ఎదుటి డ్రైవరుదైతే ఆ బీమా కంపెనీని అడగాలి. దానికి పోలీసు నివేదిక కావాలి. అందుకే దెబ్బ తగిలిన వెంటనే 999కి ఫోన్ చేయాలి.

మూడోది స్వదేశంలో ఉంది. పదో తరగతి పాసు కాకుండా గల్ఫ్‌కు వచ్చే భారతీయ కార్మికులకు “ప్రవాసీ భారతీయ బీమా యోజన” ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల వరకు ఇస్తారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి మళ్లీ చూడండి. వైకల్యం శాతం రాయకముందే అతను విమానం ఎక్కితే, ఆ లెక్క తేల్చేది ఎవరు? రెండు నెలల జీతంతో కథ ముగిసిపోతుంది. కాలు మాత్రం జీవితాంతం నొప్పి పెడుతుంది.

మా ముత్తాత కూడా చదవలేని కాగితం మీదే వేలిముద్ర వేసి మారిషస్ వచ్చాడు. రిజిస్టరులో ఆయన పేరు పక్కన ఒక నంబరు ఉంది. ఆ కాగితంలో ఏముందో ఆయనకు చదివి చెప్పినవారు ఎవరైనా ఉన్నారో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

యువకుడు సంతకం పెట్టలేదు. పోలీసు నివేదిక, ఆసుపత్రి కాగితాలు, జీతం చీటీలు ఒక ఫైలులో పెట్టుకున్నాడు. కాగితాలన్నిటికీ ఫోటోలు తీసి ఇంటికి పంపాడు. సలహా కోసం భారత రాయబార కార్యాలయానికి వెళ్లాడు. వైద్యుల నిర్ణయం ఇంకా రాలేదు.

పోయిన వారం మళ్లీ గుడి దగ్గర కలిశాడు. “జర నయమైంది టీచరమ్మా” అన్నాడు. ఈసారి ఆ మాట నాకు అర్థమైంది.