ఎదుటివాళ్లు సరిగ్గా ఆడితే?

చదరంగంలో 'గ్యాంబిట్' అనే మాట ఒకటుంది. ఆట మొదట్లోనే ఒక బంటును కావాలని పోగొట్టుకుని, బదులుగా మిగతా పావులకు దారి సంపాదించుకోవడమన్నమాట. కాలు అడ్డంపెట్టి పడేయడమనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1561లోనే రుయ్ లోపెజ్ అనే స్పెయిన్ మతగురువు తన చదరంగం పుస్తకంలో వాడాడు. మనకూ ఇది కొత్తేమీ కాదు. చేప కావాలంటే ఎర వదులుకోవాలిగా!

అయితే ఎరలన్నీ ఒకటి కావు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆట చూశాక నాకా తేడా బోధపడింది.

కిందటేడు ఫోన్‌లో వీడియో చూసి అది 'ఎంగ్లుండ్ గ్యాంబిట్' నేర్చుకుంది. తెల్లపావులవాళ్లు మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరపగానే, ఇది తన రాజు ముందున్న బంటును తీసుకెళ్లి దాని నోటికి అందిస్తుంది. వాళ్లు తింటారు. ఇది గుర్రాన్నీ, మంత్రినీ బయటికి తెస్తుంది. వచ్చిన బంటును కాపాడుకోవాలని వాళ్లు శకటును దింపగానే, మంత్రితో చెక్ చెప్పి, గుర్రం ముందున్న బంటును తినేసి, ఏనుగు మీద కన్నేస్తుంది. కంగారులో వాళ్లు శకటును అడ్డం వేశారో, ఎనిమిదో ఎత్తుకల్లా ఆట కట్టు!

బళ్లో అందరినీ ఇలాగే ఓడించింది. ఇంటికొచ్చిన బాబాయినీ వదల్లేదు. చదరంగం నేర్పే సారు మాత్రం "అది పెద్ద పోటీల్లో పనికిరాదమ్మా" అన్నారు. గెలుస్తున్న పిల్ల వింటుందా?

జిల్లా సెలక్షన్లో ఆఖరి ఆట. గెలిస్తే రాష్ట్రస్థాయికి వెళ్లొచ్చు. ఎదురుగా ఆరో తరగతి పిల్ల. మావాడి ఎత్తులన్నీ చూసి, శకటు జోలికి పోకుండా తాపీగా గుర్రాన్ని ముందుకు దూకించింది. అంతే! ఇక మా అమ్మాయి మంత్రి ప్రాణం దక్కించుకోవడానికే పరుగులు. మిగతా పావులు ఇల్లు కదిలితే ఒట్టు. అరగంటలో ఓడిపోయింది.

బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అంది: "అమ్మా, ఇన్నాళ్లూ నేను గెలవలేదే. వాళ్లు తప్పు చేశారంతే."

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది.

బంటును వదులుకోవడం తప్పయితే పెద్దపెద్దవాళ్లు ఎందుకు చేస్తారు? 1960లో స్పాస్కీ 'కింగ్స్ గ్యాంబిట్' ఆడి బాబీ ఫిషర్‌ని ఓడించాడు. ఉక్రోషం పట్టలేక ఫిషర్ 1961లో ఆ ఎత్తు పనికిరాదంటూ వ్యాసమే రాశాడు. తమాషా ఏమిటంటే, 1963లో తానే అది ఆడి గెలిచాడు కూడా! అందులో ఎదుటివాళ్లు సరిగ్గా ఆడినా, బంటు పోయినందుకు పావులకు దారులు తెరుచుకుంటాయి. పోరాడ్డానికి ఏదో ఒకటి మిగులుతుంది. మా అమ్మాయి ఎరలో, వల తెగితే మిగిలేది నష్టమే.

అది ఆ ఎత్తును పూర్తిగా మానలేదులెండి. మూడు నిమిషాల ఆటల్లో బాబాయి మీద ఇప్పటికీ ప్రయోగిస్తుంది. అక్కడ ఆలోచించే తీరిక ఉండదు, పోయినా సరదాయే. పోటీల్లో మాత్రం నెమ్మదైన ఆట నేర్చుకుంటోంది. ఇప్పుడు బళ్లో మునుపటంత తొందరగా గెలవడం లేదు. కానీ ఓడినా ఎందుకు ఓడిందో చెప్పగలుగుతోంది.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరయింది. అలాంటి అమ్మాయిల్ని చూసి మన పిల్లలూ బల్ల ముందు కూర్చుంటే సంతోషమే. వాళ్లు కొత్త చిట్కాతో గెంతుకుంటూ వచ్చినప్పుడు కోప్పడకండి, నీరుగార్చకండి. ఒక్క ప్రశ్న అడగండి: "ఎదుటివాళ్లు సరిగ్గా ఆడితే నీకేం మిగులుతుంది?"

ఆర్నెల్లలో డబ్బు రెట్టింపంటూ గుమ్మంలోకొచ్చే వాళ్లను చూసినప్పుడు, ఆ ప్రశ్న మనమూ వేసుకోవచ్చు.