క్రిమి చస్తే చాలదు, కణం బతకాలి
వేపనూనెకు రెండు పరీక్షలు

గజ్జి లేచినా, ఎద్దు మెడపై కాడి పుండు పడినా వేపనూనె, కానుగనూనె రాయడం మన పల్లెల్లో తాతల నాటి వాడుక. ఇప్పుడు ఈ గింజల నూనెలను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు. మందులకు లొంగని సూక్ష్మక్రిములే ఇందుకు కారణం.

యాంటీబయాటిక్ మందులను డాక్టరు చెప్పకుండానే మింగడం, కోళ్ళ మేతలో కలపడం వల్ల క్రిములు మొండికెత్తాయి. చీముపుండ్లు కలిగించే స్టెఫిలోకాకస్ క్రిమిలో మెథిసిలిన్ మందుకు లొంగని రకం 1961లోనే ఇంగ్లండులో బయటపడింది. 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 12.7 లక్షల మంది ఇటువంటి మొండి క్రిముల వల్ల మరణించినట్లు అంచనా. కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ మందు వాడకాన్ని భారత ప్రభుత్వం అదే సంవత్సరం నిషేధించింది.

మొదటి పరీక్ష క్రిమి మీద. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌ను గాజు పళ్ళెంలో పోసి గడ్డ కట్టిస్తారు. దానిపై క్రిములను పరచి, చిన్న గుంట చేసి నూనె వేస్తారు. మరునాటికి పళ్ళెమంతా క్రిములు అలుముకుంటాయి. నూనె పనిచేస్తే గుంట చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగులుతుంది. అయితే నూనె నీటిలో కలవదు, అగర్‌లో సరిగా పాకదు. అందుకే దాన్ని కలిపే మందు చేర్చి, సగం సగంగా పలుచన చేసుకుంటూ, ఎంత తక్కువ మోతాదుకు క్రిమి ఆగుతుందో చూస్తారు. కలిపే మందును విడిగా కూడా పరీక్షిస్తారు. లేకుంటే క్రిమిని చంపింది నూనో, ఆ మందో తేలదు.

రెండవ పరీక్ష కణం మీద. సీసాలో పెంచిన కణాలపై నూనె వేసి, తర్వాత పసుపుపచ్చ రంగుమందు కలుపుతారు. బతికి ఉన్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. రంగు తగ్గిందంటే కణాలు చచ్చాయన్నమాట. క్రిమిని ఆపే మోతాదే కణాన్నీ చంపితే ఆ నూనె మందుగా పనికిరాదు.

ఈ జాగ్రత్త ఉత్తది కాదు. మలేషియాలో చిన్నపాటి జబ్బులకు వేపనూనె తాగించిన పసిపిల్లలు వాంతులు, మగత, ఫిట్స్‌తో ప్రమాదంలో పడిన సంగతి 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. చెట్టు నుంచి వచ్చిందల్లా మేలే చేస్తుందనుకోవడం పొరపాటు.

పళ్ళెంలో క్రిమి చచ్చినంత మాత్రాన మనిషి ఒంట్లో చస్తుందని నమ్మకం లేదు. ఆ తర్వాత జంతువులపై, మనుషులపై పరీక్షలు జరగాలి. అందాకా పసిపిల్లలకు వేపనూనె తాగించరాదు. పుండు మానకపోయినా, జ్వరం వచ్చినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. డాక్టరు రాసిచ్చిన మందును చెప్పినన్ని రోజులు వాడాలి. మిగిలిన మాత్రలను ఇరుగుపొరుగుకు ఇవ్వరాదు.