హిమభూములలో పాదరసము

కెనడా దేశమున క్యూబెక్ రాష్ట్రపు ఉత్తరభాగమునకు నూనవిక్ అని పేరు. అచటి తీరప్రాంతమునందలి 14 గ్రామములలో ఇన్యూట్ జాతివారు నివసించుచున్నారు. పైరులు పండని ఆ చలినేలలో సీలు, బెలూగా అను తెల్ల తిమింగిలము, చార్ అను చేప, కారిబూ అను మృగము వారికి తరతరములుగా ఆహారము. వేటాడి తెచ్చినదానిని ఇరుగుపొరుగులకు పంచియిచ్చుట వారి ఆచారము.

ఆ గ్రామములలో పొగగొట్టముల కర్మాగారములు లేవు. అయినను ఆ ప్రజల రక్తమున పాదరసము హెచ్చుగా కానవచ్చినది. అది ఎచటనుండి వచ్చినది?

దూరదేశములలో బొగ్గును మండించునపుడును, ముడిఖనిజమునుండి బంగారమును తీయునపుడును పాదరసము ఆవిరియై గాలిలో కలియును. అది వేలకొలది మైళ్ళు పయనించి ధ్రువప్రాంతపు మంచుపైనను, నీటిపైనను దిగును. నీటియందలి సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసమను విషముగా మార్చును. ఆ విషము తొలుత నీటిలో తేలియాడు సూక్ష్మప్రాణులలో చేరును. వానిని చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు, వానిని తిమింగిలములు తినును. తిన్న ఆహారము జీర్ణమగునుగాని విషము త్వరగా విసర్జింపబడదు. కావున మెట్టుమెట్టునకు దాని పాలు పెరుగుచుండును. ఆ నిచ్చెనకు చివరిమెట్టున నున్నవాడు మానవుడు.

2004వ సంవత్సరమున వైద్యులు, మంచును చీల్చుకొనిపోవు అమండ్సెన్ అను ఓడలో ఆ గ్రామములకేగి, పెద్దవారి రక్తమును, రక్తపోటును పరీక్షించిరి. ఫలితములు 2009లో ప్రకటింపబడినవి. రక్తమున పాదరసము హెచ్చినకొలది, గుండె ముడుచుకొనునప్పటి పోటును హెచ్చియుండెను. పాదరసము రక్తనాళముల లోపలిపొరను బాధించి, అవి సడలు శక్తిని తగ్గించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయితే ఒక్కమారు చేసిన పరీక్ష సంబంధమును చూపగలదేగాని కారణమును నిశ్చయింపజాలదు.

ఇందొక చిక్కు కలదు. విషము దాగిన ఆ ఆహారమునందే గుండెకు మేలుచేయు ఒమేగా-3 కొవ్వులును, సెలీనియమును కలవు. వీని ప్రభావమును వేరుచేసి లెక్కించినను పై సంబంధము నిలిచెను. అట్లని వేటను మానినచో, మిగులునవి అధికమైన వెలకు దుకాణములలో దొరకు చక్కెర తినుబండారములు. కావున ఆరోగ్యాధికారులు పూర్వాహారమును విడువుమని చెప్పలేదు. గర్భవతులును, తల్లులు కాబోవువారును బెలూగా మాంసమును తగ్గించి, పాదరసము తక్కువగా నుండు చార్ చేపను తినుట మేలని సూచించిరి.

అయినను తినువారి జాగ్రత్తయే చాలదు; విషము పుట్టుచోటనే దానిని అరికట్టవలెను. పాదరసముచే జపానునందలి మినమాత పట్టణమున వ్యాపించిన ఘోరవ్యాధి 1956లో బయల్పడెను. ఆ పట్టణము పేరనే 2013లో పలుదేశములు పాదరసమును తగ్గించుటకు ఒడంబడిక చేసికొనినవి. అది 2017లో అమలులోనికి వచ్చెను. భారతదేశము 2018లో దానిని ధ్రువీకరించెను.

రక్తపోటును నేటికిని పాదరసపు మిల్లీమీటర్లలోనే చెప్పుదురు. గాజుగొట్టమున బంధింపబడి కొలతగా నిలిచిన పాదరసము మానవునకు ఉపకారి. గాలిలోనికి విడువబడినది అపకారి. గాలికి పొలిమేరలు లేవు. ఒక దేశమున రాజిన పొయ్యి పొగ, ఆ పొయ్యిని ఎన్నడును చూడనివాని కంచములోనికి చేరుచున్నది.