బీడింగ్ కింద దాగే తుప్పు

మక్తల్ మీదుగా రాయచూరు పోయే రోడ్డు మీద ఒకప్పుడు కారంటే అంబాసిడరో ఫియటో. ప్రీమియర్ పద్మిని అని పేరు మారినా జనం నోట్లో అది ఫియటే. పద్మిని తయారీ 2001 నాటికి నిలిచిపోయింది. అంబాసిడర్ 2014లో ఆగింది. కొట్టంలో టార్పాలిన్ కింద పడున్న అలాంటి బండిని ఎవరైనా బయటికి తీసి రంగు వేయించారంటే నాకు సొంత మనిషి కోలుకున్నంత సంతోషం. రంగు చాలాసార్లు బాగానే కుదురుతుంది. బండి చెడేది ఆ తర్వాత. గ్రిల్లు, బీడింగు, అద్దం చుట్టూ మెరుపు పట్టీ తిరిగి బిగించే రోజున. ఆ పని మీద షెడ్లలో వినిపించే మాటల్లో కొన్ని నిజం కావు.

"ఎండల పెట్టు, పొద్దుమీకేసరికి ఆరుతది. బిగించేద్దాం."

వేలికి అంటకపోవడం వేరు, గట్టిపడడం వేరు. హార్డనర్ కలిపి కొట్టే రంగు గంటల్లోనే పైకి ఆరినట్టుంటుంది. లోపల రసాయన చర్య ఇంకా నడుస్తూనే ఉంటుంది. పూర్తి గట్టిదనం రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పాత పద్ధతి డూకో రంగైతే థిన్నరు ఆవిరై పోతేనే ఆరుతుంది. మన ఏప్రిల్, మే ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడే కొట్టిన రంగును ఆ ఎండలోకి తోస్తే పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలి థిన్నరు బయటపడే దారి లేక సూదిమొన బుడగలుగా పగులుతుంది. బుడగలు రాకపోయినా రంగు మెత్తగానే ఉంటుంది కాబట్టి దాని మీద బీడింగ్ బిగిస్తే అంచు అచ్చుపడుతుంది. గీతలు పడకుండా అంటించే మాస్కింగ్ టేపు కూడా పచ్చి రంగు మీద గుర్తు వదులుతుంది. నీడలో కనీసం వారం ఆపండి. మక్తల్ పడమటి ఆంజనేయస్వామి గుడి ముందర పూజ చేయించేవాళ్లకు ఇంకో మాట: పసుపు కుంకుమ బొట్టు అద్దం మీద పెట్టండి, కొత్త రంగు మీద మరక దిగొచ్చు.

"అయస్కాంతం అంటుకుంటే ఇనుమే, పారేయ్."

కాదు. కార్ల బీడింగులకు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్లో 430 రకం ఉంది. దాంట్లో 16 నుంచి 18 శాతం దాకా క్రోమియం ఉంటుంది, అయినా అయస్కాంతానికి అంటుకుంటుంది. అలాంటి పట్టీని పారేసి బజారు నుంచి పల్చటి రేకు తెచ్చుకున్నవాళ్లున్నారు. సొట్ట తీయించి, పాలిష్ పట్టిస్తే పాతదే మళ్లీ మెరుస్తుంది.

"చింతపండు, వాషింగ్ సోడా పెట్టి తోమితే ఏ లోహమైనా తళతళలాడుతుంది."

చింతపండు పులుపు ఇత్తడి, రాగి మీది చిలుము కరిగిస్తుంది. అది దేవుడి సామాన్లకు సరి. అల్యూమినియం పట్టీ మీద సోడా పోస్తే దాన్ని కాపాడే పొరే కరిగిపోతుంది. బంపరు మీది క్రోమ్ పొర మందం సాధారణంగా ఒక్క మైక్రాను కూడా ఉండదు. తలవెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. క్రోమ్ కింద నికెల్, ఆ కింద ఇనుము. పీచుతో బలంగా తోమే కొద్దీ ఇనుము దగ్గరవుతుంది.

"ఎంత బిగిస్తే అంత గట్టి."

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. మా నాయిన బండికి రంగు వేయించినప్పుడు షెడ్డులో బీడింగ్ క్లిప్పుల పాత రంధ్రాలను పుట్టీతో మూసేశారు. రంగు అయ్యాక కొలత పెట్టుకుని మళ్లీ డ్రిల్లు కొట్టారు. రంధ్రం అంచున పచ్చి రేకు బయటపడింది. దాని మీద స్టీలు క్లిప్పును సుత్తితో కొట్టి దింపారు. రెండో వానాకాలానికి ప్రతి క్లిప్పు కిందా గోధుమరంగు చార జారింది. బీడింగ్ ఊడదీస్తే లోపల రేకు వేలితో నలిగింది.

బీడింగ్ బిగింపు రంగు వేశాక మొదలయ్యే పని కాదు. డెంటింగ్, పుట్టీ అయ్యాక, రంగుకు ముందే ఒకసారి అన్నీ వేసి చూడాలి. పుట్టీ మందం పెరిగితే తలుపు వంపు మారుతుంది, పట్టీ వరస తప్పుతుంది. రంధ్రాలు సరిచేయాల్సింది అప్పుడే. ఊడదీసేటప్పుడే ఫోటోలు తీసి, ఏ తలుపు క్లిప్పులు ఆ తలుపు సంచిలో వేసి పేరు రాసుకుంటే సగం పని అయినట్టే. రంగు అయ్యాక ప్రతి రంధ్రం అంచుకూ సన్నని కుంచెతో ప్రైమరు, రంగు అద్ది ఆరనివ్వాలి. క్లిప్పు రేకును ఒరుసుకోకుండా రబ్బరు వాషరు వేయాలి. అరచేత్తో నొక్కితే దిగేది క్లిప్పు. దిగకపోతే రంధ్రం తప్పు, బలం తక్కువ కాదు. ముందు అన్నీ వదులుగా తగిలించి, తలుపులు తెరిచి మూసి చూడండి. పట్టీ చివర పక్క రేకును తాకితే అక్కడ రంగు పెచ్చు లేస్తుంది.

"సందుల్లో సిలికాన్ నింపితే నీళ్లు పోవు."

కొట్లలో దొరికే చవక సిలికాన్ నుంచి వెనిగర్ వాసన వస్తుంది. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం వాసన. ఆ ఆమ్లం రేకునే తింటుంది. పైగా తలుపు అడుగున నీళ్లు జారే చిన్న రంధ్రాలుంటాయి. వాటినీ మూసేస్తే నీరు లోపలే నిలుస్తుంది.

అద్దం రబ్బరుకు గ్రీజు రాయడం కూడా ఇలాంటిదే. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లు చాలు. రబ్బరు గాడిలో గట్టి తాడు చుట్టి, బయట ఒకరు అద్దాన్ని అదుముతుంటే లోపల ఒకరు తాడును మెల్లగా లాగాలి. రబ్బరు అంచు తనంతట తానే రేకు మీదికి ఎక్కుతుంది.

అన్నీ అయ్యాక పైపు పెట్టి పది నిమిషాలు నీళ్లు పట్టండి. తలుపు తెరిచి, లోపలి అట్ట తీసి, ఒక్కో క్లిప్పు వెనక వేలు పెట్టి తడి ఉందేమో చూడండి.